మూడు నాబ్‌లు చాలు

పోయిన నెలలో మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, ట్రెమోలో పెడల్ కొందామనుకుంటున్నా, ఏది తీసుకోమంటావ్?" అని అడిగాడు. గిటార్ ధ్వనిని పెంచి తగ్గిస్తూ ఊపే, కాలితో తొక్కే డబ్బా అది. నేను జవాబు చెప్పేలోపే వాట్సాప్‌లో నాలుగు లింకులు వచ్చాయి. మూడింటికి ట్యాప్ టెంపో (కాలితో తట్టి వేగం పెట్టే ఏర్పాటు) ఉంది, ఎనిమిదేసి రకాల వేవ్‌ఫామ్‌లు, అంటే ఊపు ఆకారాలు ఉన్నాయి, ప్రీసెట్లు ఉన్నాయి. ఒకదానికైతే చిన్న స్క్రీన్ కూడా ఉంది. నాలుగోది మూడు నాబ్‌ల మామూలు డబ్బా. దాని కింద వాడు ఇలా రాశాడు: "రేటు తక్కువే గానీ ఇందులో ఏమీ లేదు."

ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. పదేళ్లలో నా చేతికి ఐదు ట్రెమోలో పెడల్స్ వచ్చాయి, నాలుగు వెళ్లిపోయాయి. మిగిలింది వాడు "ఏమీ లేదు" అన్న లాంటిదే. వేగం, లోతు (ఊపులో ధ్వని ఎంత తగ్గుతుందన్నది), వాల్యూమ్, అంతే. అది నా దగ్గర ఎందుకు మిగిలిందో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వాడికి చెప్పబోయే మాట ఇది: ట్రెమోలో కొనేటప్పుడు ఎన్ని రకాలుగా ఊగుతుందో చూడకు. సగం లోతులో పెట్టి వాయించినప్పుడు పాటలో నీ గిటార్ ఎక్కడ నిలబడుతుందో చూడు.

ఊగేది స్వరం కాదు

మొదట పేరు గొడవ తీర్చుకోవాలి. ఎందుకంటే మావాడు "ట్రెమోలో" అని వెతికితే సగం స్ప్రింగులు, కడ్డీలు కనిపించాయట. ఆ తప్పు వాడిది కాదు. 1954లో స్ట్రాటోకాస్టర్ గిటార్ వచ్చినప్పుడు లియో ఫెండర్ కంపెనీ దాని కడ్డీకి ట్రెమోలో అని పేరు పెట్టింది. అది కదిపేది స్వరాన్ని, అంటే చేసేది వైబ్రాటో పని. అదే కంపెనీ తర్వాత ఆంప్‌ల (యాంప్లిఫైయర్ల) మీద, వాల్యూమ్‌ని ఊపే ఛానెల్‌కి వైబ్రాటో అని రాసింది. రెండు పేర్లూ తారుమారయ్యాయి. డెబ్భై ఏళ్లుగా అందరం అలాగే వాడుతున్నాం.

మన సంగీతం కొంచెం తెలిసినవాళ్లు "అంటే గమకం లాంటిదా?" అని అడుగుతారు. కాదు. కంపితం అనే గమకంలో స్వరస్థానమే కదులుతుంది. ట్రెమోలోలో స్వరం తన చోటే ఉంటుంది, దాని బలం మాత్రం పెరిగి తగ్గుతుంది. మాండొలిన్ వాళ్లు ట్రెమోలో అనేది మళ్లీ ఇంకొకటి. తీగను గబగబా మీటుతూ స్వరం ఆరిపోకుండా నిలబెట్టడం అది. మన పాలకొల్లు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాక స్వరం నిలబడే పని ఆంప్ చూసుకుంది, వేళ్లు గమకానికి దొరికాయి.

పెడల్ చేసే పనికి దగ్గరి పోలిక కావాలంటే చిన్నప్పుడు టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని "ఆఆఆ" అన్నది గుర్తు తెచ్చుకోండి. ఇంకా దగ్గరిది హార్మోనియం. చాలా హార్మోనియంలకి ట్రెమోలో బిరడా ఒకటి ఉంటుంది. మా వీధిలో భజన మందిరంలో ఉన్న పెట్టెకీ ఉండేది. అది లాగితే లోపల చిన్న రేకు ఒకటి గాలికి కొట్టుకుని స్వరం వణికేది. వాయించే పెద్దాయన తిత్తి మెల్లగా నొక్కితే వణుకు మెల్లగా ఉండేది, పాట వేడెక్కి తిత్తి గట్టిగా కొడితే వణుకూ వేగం పెంచుకునేది. ఆయన ఏ నాబూ తిప్పేవాడు కాదు. చేయి ఎలా వెళ్తే వణుకు అలా వెళ్లేది. ఈ విషయం కిందకి వెళ్లాక మళ్లీ అవసరమవుతుంది.

కేబుల్ ఊడిందా?

నా మొదటి పెడల్ ఇంట్లో బ్రహ్మాండంగా ఉండేది. రాత్రి పూట చిన్న ఆంప్ మీద, ఒక్కణ్ణే, నిదానంగా ఒక ఇ మైనర్ వాయించి ఆ ఊపు వింటూ కూర్చునేవాణ్ణి. తర్వాత ఒక చిన్న కేఫ్‌లో ముగ్గురం వాయించాం. రెండో పాట మధ్యలో పెడల్ తొక్కాను. బేస్ వాయిస్తున్నవాడు నా వైపు తిరిగి, రెండు వేళ్లతో జాక్ లాగుతున్నట్టు సైగ చేశాడు. కేబుల్ ఊడిందా అని. ఊడలేదు. గిటార్ పాటలోంచి మాయమైపోయిందంతే.

ఇందులో మాయ ఏమీ లేదు, లెక్క ఉంది. మామూలు ట్రెమోలో ఉన్న ధ్వనిలోంచి తీసేస్తుంది తప్ప పైనుంచి ఏదీ కలపదు. లోతు పూర్తిగా పెట్టి, గుండ్రటి సైన్ అల మీద సున్నా నుంచి నూరు దాకా ఊపితే, సగటున మిగిలే శక్తి నూటికి 37.5 వంతులు. డెసిబెల్స్‌లో చెప్పాలంటే నాలుగు పైచిలుకు పడిపోతుంది. ఇంట్లో పక్కన ఇంకో వాద్యం లేదు కాబట్టి అది తెలియదు. డ్రమ్స్, బేస్ పక్కన ఉంటే ఆ నాలుగు డెసిబెల్స్ చాలు గిటార్ మునిగిపోవడానికి. పెడల్ పాడైందనుకుని మార్చినవాళ్లని నాకు తెలుసు. నేనూ మార్చాను. కొత్తదాంట్లోనూ అదే జరిగింది.

అందుకే మూడు నాబ్‌లు ఉంటే మూడోది ఏమిటన్నది నాకు పెద్ద విషయం. 1997 నుంచి బాస్ కంపెనీ అమ్ముతున్న ఆకుపచ్చ టీఆర్-2 మీద మూడు నాబ్‌లు: రేట్, వేవ్, డెప్త్. ఊడూ ల్యాబ్ వాళ్ల ట్రెమోలో మీద నాలుగు, అందులో ఒకటి వాల్యూమ్. కాగితం మీద చూస్తే వేవ్ నాబ్ ఎక్కువ పని చేసేలా కనిపిస్తుంది. అల గుండ్రంగా ఉండాలా, కత్తిరించినట్టు ఉండాలా అన్నది అది తేలుస్తుంది. కానీ నా పదేళ్లలో వేవ్ నాబ్ నేను ఒకసారి పెట్టుకుని వదిలేసినది. వాల్యూమ్ నాబ్ మాత్రం గది మారిన ప్రతిసారీ తిప్పాల్సి వచ్చింది. రెండింట్లో ఒకటే దొరికితే నేను వాల్యూమ్ తీసుకుంటాను.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. "వెనకాల ధ్వని పెంచే బూస్టర్ పెడల్ ఒకటి పెట్టుకో, సరిపోతుంది కదా" అంటారు. సరిపోతుంది. కానీ అప్పుడు ఒక్క పాటలో ఒక్క ఎఫెక్ట్ కోసం రెండు పెడల్స్ ఒకేసారి తొక్కాలి. పల్లవిలోంచి చరణంలోకి వెళ్లే ఆ అర సెకనులో, పాడుతూ ఉంటే, ఒక కాలితో రెండు స్విచ్‌లు నాకు ఎప్పుడూ కుదరలేదు. కుదిరినవాళ్లు నిరభ్యంతరంగా టీఆర్-2 తీసుకోవచ్చు. గట్టి పెడల్, కరెంటు కూడా చాలా తక్కువ తాగుతుంది.

ట్యాప్ టెంపో కావాలా?

మావాడు పంపిన మూడు లింకుల్లోనూ ధర పెంచింది ఇదే. పాట వేగానికి తగ్గట్టు కాలితో రెండు మూడు సార్లు తడితే పెడల్ ఆ వేగం పట్టుకుంటుంది. చెప్పుకోవడానికి చాలా బాగుంటుంది. నేనూ ఒకటి కొన్నాను, రెండేళ్లు వాడాను.

లెక్క చూడండి. నిమిషానికి 120 బీట్ల పాటలో బీట్‌కి రెండు ఊపులు పెడితే సెకనుకి నాలుగు ఊపులు. పెడల్ సరిగ్గా 4 మీద నిలబడింది. మా డ్రమ్మర్ మనిషి కాబట్టి రెండో చరణానికి 118కి జారాడు. ఇప్పుడు పాటకి కావాల్సింది సెకనుకి 3.93. తేడా చిన్నదే అనిపిస్తుంది, కానీ ఏడున్నర సెకన్లలో పెడల్ బీట్‌కి సరిగ్గా ఎదురు నిలబడుతుంది. అంటే దరువు పడాల్సిన చోట గిటార్ నిశ్శబ్దంగా ఉంటుంది. ఇంకో ఏడున్నర సెకన్లకి మళ్లీ కలుస్తుంది. పాట అంతా ఈ దాగుడుమూతలే. మళ్లీ తట్టాలి, మళ్లీ తట్టాలి. ఆ రెండేళ్లలో నా కుడికాలు ఆ స్విచ్ మీదే ఉండేది. నా కళ్లు ఆ మిణుకుమనే ఎర్ర లైటు మీద ఉండేవి, మనుషుల మీద ఉండేవి కావు.

కాబట్టి ట్యాప్ టెంపో వేగాన్ని కలపగలదు గానీ, డ్రమ్మర్ క్లిక్ (చెవిలో వినిపించే తాళం టిక్‌టిక్) మీద వాయిస్తే తప్ప ఆ కలయిక నిలబడదు. ఇది నేను ఒకసారి గట్టిగా అంటే సికింద్రాబాద్‌లో ఒక చర్చిలో వాయించే స్నేహితుడు ఒప్పుకోలేదు. "అన్నా, మాకు ప్రతి పాటకీ చెవిలో క్లిక్ ఉంటుంది. పాట మొదట్లో తడితే చివరిదాకా కదలదు. నాకు అది లేకపోతే పని జరగదు" అన్నాడు. అతని మాట నిజం. క్లిక్ మీద వాయించేవాళ్లకి, కత్తిరించినట్టుండే లోతైన ట్రెమోలో కావాలనుకునేవాళ్లకి ట్యాప్ అవసరమే. నేను వాదన అక్కడ వదిలేశాను.

కానీ ఆ ఆదివారం అతని పక్కన కూర్చుని చూశాను. వేగంగా వెళ్లే రెండు పాటల్లో తట్టాడు. ప్రార్థన జరుగుతున్నప్పుడు వెనక మెల్లగా వాయించే చోట మాత్రం వంగి లోతు నాబ్ బాగా తగ్గించాడు, వేగం చేత్తోనే ఎక్కడో పెట్టాడు, తట్టలేదు. అడిగితే, "అక్కడ ఎవరికి తెలుస్తుంది అన్నా" అన్నాడు. నాకు కావాల్సిన జవాబు అదే. లోతు తక్కువ ఉండి అల గుండ్రంగా ఉంటే వేగం తాళంతో కలిసిందా లేదా అన్నది చెవి పట్టించుకోదు. నీటి మీద వెలుగు కదిలినట్టు వెనక ఏదో కదులుతున్నదని మాత్రమే తెలుస్తుంది. ట్యాప్ కావాలా వద్దా అని అడిగేముందు నేను ఎంత లోతులో వాయిస్తాను అని అడగాలి. నేను సగానికి పైన వాయించేది ఏడాదికి రెండు పాటలు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టే ఉదాహరణ ఒకటుంది. 1984లో ది స్మిత్స్ బ్యాండ్ రికార్డు చేసిన "హౌ సూన్ ఈజ్ నౌ?" పాట. జానీ మార్ గిటార్‌ని నాలుగు ఫెండర్ ట్విన్ రివర్బ్ ఆంప్‌ల గుండా పంపి, నాలుగింటి ట్రెమోలోనీ పాట వేగానికి కలపాలని చూశారు. ట్యాప్ టెంపో లేదు. నిర్మాత జాన్ పోర్టర్, మార్ చెరో రెండు ఆంప్‌ల వేగం నాబ్‌లు పట్టుకుని కూర్చున్నారు. ఊపు తాళం తప్పగానే టేప్ ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్లీ మొదలు. అలా ముక్కలు ముక్కలుగా పూర్తయింది. కలవకపోయినా ఫర్వాలేదని వాళ్లు అనుకోలేదు, అంత కష్టపడ్డారు. మరి నా వాదన ఏమైంది? వాళ్లకి కావాల్సింది లోతైన ఊపు, అదే పాటకి దరువు. ఊపే దరువైతే అది కలవాల్సిందే. నా గిటార్ దరువు వేయదు, వెనక నిలబడుతుంది. ఈ తేడా తేల్చుకోకుండా పెడల్ కొంటే డబ్బు వృథా అవుతుంది, నాకు రెండుసార్లు అయింది.

చేయి మాట వినే ట్రెమోలో

ఇప్పుడు హార్మోనియం దగ్గరికి వస్తాను. పాత ఆంప్‌లలో ట్రెమోలో ఒకే రకంగా పుట్టలేదు. కొన్నింటిలో పవర్ ట్యూబ్‌ల బయాస్‌నే, అంటే అవి పనిచేసే స్థాయిని నిర్ణయించే వోల్టేజినే ఊపేవారు. ఆ ట్రెమోలో గట్టిగా మీటితే కొంచెం అణిగి, మెల్లగా మీటితే విచ్చుకుంటుంది. తిత్తి నొక్కిన పెద్దాయనలాగే చేతికి స్పందిస్తుంది. 1960ల మధ్యలో వచ్చిన నల్ల ప్యానెల్ ఫెండర్ ఆంప్‌లలో ఎక్కువ వాటికి ఒక చిన్న నియాన్ బల్బు, దాని వెలుగుని పసిగట్టే ఫోటోసెల్ ఉంటాయి. బల్బు వెలిగితే సిగ్నల్ కొంత నేలకి పోతుంది, ఆరితే తిరిగి వస్తుంది. ఫోటోసెల్ వెలుగుకి త్వరగా లొంగుతుంది, చీకట్లో కోలుకోవడానికి కొంచెం టైమ్ తీసుకుంటుంది. అందుకే ఆ ఊపు ఒక పక్కకి వాలినట్టు ఉంటుంది. అంతకు ముందు గోధుమరంగు ఆంప్‌లలో ఇంకో పద్ధతి ఉండేది. మంద్రాన్నీ తారాన్నీ విడదీసి ఒకటి పైకి వెళ్తుంటే ఇంకొకటి కిందికి వచ్చేలా ఊపేవారు. దాన్నే హార్మోనిక్ ట్రెమోలో అంటున్నారు. వీటన్నిటికంటే ముందు 1940లలో డీఆర్మండ్ కంపెనీ అమ్మిన పెట్టెలో మోటారు ఒక చిన్న సీసాను ఊపేది. లోపల ద్రవం కదిలి ఒక పిన్నుకి తగిలినప్పుడల్లా ధ్వని తగ్గేది. గిటారిస్ట్ బో డిడ్లీ రికార్డుల్లో వినిపించే ఆ కుదుపు దానిదే.

ఈ చరిత్ర అంతా ఈరోజు పెడల్స్ మీద మోడ్‌లుగా వచ్చేసింది. స్ట్రైమన్ కంపెనీ ఫ్లింట్ పెడల్‌లో 61, 63, 65 అని సంవత్సరాల పేర్లతోనే హార్మోనిక్, పవర్ ట్యూబ్, ఫోటోసెల్ మూడూ ఉంటాయి, రివర్బ్ (గదిలో ప్రతిధ్వని లాంటి ఎఫెక్ట్) అదనం. చాలా మంచి పెడల్, కాదనను. అయితే ఇలాంటి డిజిటల్ పెడల్స్‌కి రెండు వందల మిల్లీ ఆంప్స్‌కి పైనే కరెంటు కావాలి. మన ఇళ్లలో ఎర్తింగ్ సరిగ్గా లేని ప్లగ్గు, ఒకే అడాప్టర్‌కి గొలుసులా తగిలించిన ఐదు పెడల్స్, వాటి మధ్య ఇదొకటి చేరితే సన్నటి కూత మొదలవుతుంది. మంచి పవర్ సప్లై ధర కూడా కలుపుకుని చూడాలి.

చవక పెడల్స్‌కి వేరే జబ్బు ఉంది. అది షాపులో తెలియదు. ఆన్ చేసి, లోతు పూర్తిగా పెట్టి, తీగల మీద చేయి వేసి మూసేయండి. ఏమీ వాయించకండి. అల కదిలినప్పుడల్లా గడియారంలా "టిక్, టిక్" అని వినిపిస్తే ఆ పెడల్ వద్దు. షాపులో ఎవరో పక్కన కీబోర్డు పరీక్షిస్తుంటారు కాబట్టి అది వినపడదు. రెండు నిమిషాలు ఆగమని అడగండి, మొహమాటపడకండి. నేను మొహమాటపడి తెచ్చుకున్న ఒక పెడల్ రాత్రి హెడ్‌ఫోన్స్‌లో ఆ చప్పుడుతో నిద్ర పట్టనివ్వలేదు. ఇంకోటి, వేగం నాబ్‌ని కింది నుంచి పై దాకా మెల్లగా తిప్పి చూడండి. కొన్నింటిలో పనికొచ్చే వేగాలన్నీ పావు చుట్టులోనే ఇరుక్కుని ఉంటాయి, వెంట్రుకవాసి కదిపితే పాట మారిపోతుంది. మిగతా ముప్పావు చుట్టు ఈగ రెక్కల చప్పుడుకి తప్ప దేనికీ పనికిరాదు.

వీపు తిప్పి నిలబెట్టాను

ఇదంతా నా అభిప్రాయమే కావచ్చు అనిపించి, మావాడు ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ఒక పని చేశాను. చర్చి స్నేహితుడి దగ్గర మోడ్‌లు ఎక్కువున్న పెడల్ ఒకరోజుకి అడిగి తెచ్చాను. మావాణ్ణి గోడ వైపు తిరిగి నిలబడమన్నాను. ఒకే గిటార్, ఒకే ఆంప్, ఒకే నాలుగు కార్డ్స్. ముందు రెండు పెడల్స్‌నీ పూర్తి లోతులో వాయించాను. ఏది ఏదో ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు. తర్వాత లోతు సగానికి తగ్గించి, వాల్యూమ్ సమం చేసి, ఆ పెద్ద పెడల్‌లో ఫోటోసెల్ మోడ్‌కీ నా మూడు నాబ్‌ల దానికీ మధ్య మారుస్తూ వాయించాను. ఆరుసార్లలో మూడు తప్పు చెప్పాడు. నా వాదన నెగ్గిందని సంతోషపడ్డాను.

అప్పుడు హార్మోనిక్ మోడ్ పెట్టాను. మొదటి కార్డ్ పూర్తి కాకముందే వెనక్కి తిరిగిపోయాడు. "మామయ్యా, ఇది వేరే!" అన్నాడు. నిజంగానే వేరే. సగం లోతులో కూడా గిటార్ ఎక్కడికీ మునగలేదు, ఎందుకంటే మంద్రం తగ్గినప్పుడు తారం పైకి వస్తోంది, మొత్తం ధ్వని ఖాళీ అవ్వడం లేదు. నేను ఇన్నాళ్లూ వాల్యూమ్ నాబ్‌తో తీర్చుకుంటున్న లోటుని ఆ సర్క్యూట్ ఇంకో దారిలో తీర్చుకుంది. ఇది నేను లెక్కలోకి తీసుకోని విషయం. వాడికి ఇచ్చే సలహాలో అప్పుడే ఒక మాట మార్చాను: ఎనిమిది వేవ్‌ఫామ్‌ల కోసం డబ్బు పెట్టకు, హార్మోనిక్ కోసం అయితే పెట్టొచ్చు.

ధ్వనిని గరుకుగా మార్చే ఓవర్‌డ్రైవ్ పెడల్‌కి ముందా వెనకా అని వాడు అడిగాడు. వెనకే. ముందు పెడితే ఓవర్‌డ్రైవ్ ఆ ఎత్తుపల్లాలని చదును చేసేస్తుంది, ఊపు పోయి గరుకు మాత్రం పెరిగి తగ్గుతుంది. అది కావాలనుకునేవాళ్లూ ఉన్నారు గానీ నాకు నచ్చదు. రివర్బ్ విషయంలో పాత ఆంప్‌లలో ట్రెమోలో రివర్బ్ తర్వాతే వచ్చేది, గది మొత్తం ఊగినట్టు ఉంటుంది. రెండు పక్కలా పెట్టి వినమన్నాను.

వెళ్లేటప్పుడు నా పెడల్ వాడి చేతిలో పెట్టి పది రోజులు వాడుకోమన్నాను. నేను పెట్టుకున్న చోట్లు తెలియడానికి మార్కర్‌తో మూడు నాబ్‌ల పక్కనా చుక్కలు ఉన్నాయి. నిన్న రాత్రి ఫోన్ చేశాడు. "మామయ్యా, వాల్యూమ్ దగ్గర చుక్క చెరిగిపోయింది, ఎక్కడ పెట్టాలి?" వెనకాల ఎవరో డ్రమ్స్ బిగిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. చుక్క సంగతి వదిలెయ్యమన్నాను. ముందు వాళ్లని పాట మొదలుపెట్టమను, పెడల్ లేకుండా ఒక చరణం వాయించు, తర్వాత తొక్కు, గిటార్ వెనక్కి వెళ్లినట్టు అనిపిస్తే కొంచెం తిప్పు, మళ్లీ తొక్కి చూడు అన్నాను. ఫోన్ పెట్టకుండానే బ్యాగ్ మీద పడేసినట్టున్నాడు. నాలుగుసార్లు స్విచ్ నొక్కిన శబ్దం విన్నాను, నాలుగోసారి తర్వాత వాడు ఆపకుండా వాయించుకుంటూ వెళ్లిపోయాడు.